రాత్రిళ్లు వచ్చేవాళ్లు

అయ్యలారా, అమ్మలారా,

పర్లాకిమిడి వైపు దీపావళి రాత్రి తెలుగిళ్ల ముందు గోగుపుల్లల దివిటీలు కొడుతూ పిల్లలు "దిబ్బు దిబ్బు దీపావళి" అంటారు. పక్కింటి ఒడియావాళ్లు అలాంటి పుల్లలే వెలిగించి "బొడొబొడువా హో, అంధారొరె ఆసొ, ఆలుఅరె జాఓ" అని పిలుస్తారు. పెద్దలారా, చీకట్లో రండి, వెలుగులో వెళ్లండి అని. పోయినవాళ్లను ఏటా ఇలా పిలుచుకునే ఇళ్లలోనే, మంచం పట్టిన తాత నడిరేయి "అదిగో, మాయమ్మ వచ్చింది" అంటే అందరూ హడలిపోతారు.

హడలక్కర్లేదు. అమెరికాలోని బఫెలోలో, చివరి దశ రోగులను చూసుకునే చోట 59 మందిని అడిగితే 88 శాతం మంది ఇలాంటి కలో, కనిపించడమో చెప్పారు. 2014లో అచ్చయిన పరిశీలన అది. చావు దగ్గరపడేకొద్దీ పోయినవాళ్లు ఎక్కువగా కనిపించారు, వాళ్లను చూస్తే రోగులకు ఊరటే కలిగింది. కాబట్టి "అక్కడెవరూ లేరు" అని వాదించకండి. "ఏమంటోంది తాతా, అమ్మ?" అనండి, చాలు.

సంధి, అంటే ఒంట్లో బాగోక మతి చెదిరి పలవరించడం, మాత్రం వేరు. అమ్మ కనిపించిన మనిషి మిమ్మల్ని గుర్తుపడతాడు, కుదురుగా మాట్లాడతాడు. సంధి కమ్మినవాడు గంటకోలా ఉంటాడు. దుప్పటి పీకుతాడు, గాలిలో ఏదో ఏరుతాడు, పగలంతా పడుకుని రాత్రి లేచిపోతానంటాడు. అప్పుడు దిష్టి తీయడం తర్వాత, ముందు పొత్తికడుపు తడిమి చూడండి. గట్టిగా ఉబ్బి ఉంటే మూత్రం బిగిసిపోయినట్టు. నర్సు వచ్చి గొట్టం వేశాక చాలాసార్లు మనిషి తేరుకుంటాడు. విరేచనమై ఎన్నాళ్లయింది, జ్వరముందా, నీళ్లు తాగుతున్నాడా, కొత్త మందు మొదలెట్టారా, పాతది ఉన్నట్టుండి ఆపేశారా, ఇవన్నీ డాక్టరుకి చెప్పాలి.

గదిలో చిన్న లైటు ఉంచండి. కటిక చీకట్లో కొక్కేనికున్న చొక్కా కూడా మనిషైపోతుంది. కళ్లజోడు చేతికందేలా పెట్టండి.

ఇక తులసితీర్థం. మింగలేని గొంతులో చెంచాడు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఉక్కిరిబిక్కిరవుతాడు. ప్రేమతోనే చేస్తారు, కానీ జరిగేది అది. దూదిని తడిపి, పిండేసి, పెదవులకి అద్దండి. తీర్థం ఇచ్చినట్టే. గొంతులో గురగుర మొదలైతే ఓ పక్కకి ఒత్తిగిలించి, వీపు వెనక దిండు పెట్టండి.

పోయాక మిగిలినవాళ్ల సంగతీ ఉంది. వేల్స్‌లోని డెవీ రీస్ అనే డాక్టరు భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని అడిగితే, దాదాపు సగంమంది పోయిన మనిషి దగ్గరే ఉన్నట్టో, కనిపించినట్టో, మాట వినిపించినట్టో అనిపించిందన్నారు. 1971లో అచ్చయింది అది. పిచ్చి కాదది. తెల్లవారుజాము కల నిజమంటారు గదా, కలల నిద్ర అప్పుడే ఎక్కువసేపు నడుస్తుంది, అందులోంచే మెలకువొస్తుంది, అందుకే కలలోకొచ్చిన మనిషి మొహం అంత స్పష్టంగా గుర్తుంటుంది. మెలకువొచ్చినా ఒళ్లు కదలక, గుండెల మీదెవరో కూర్చున్నట్టుంటే అదీ ఆ నిద్ర తోకే. మామూలుగా కొద్ది నిమిషాల్లోనే పోతుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువగా వస్తుంది, పక్కకి తిరిగి పడుకోండి.