జేబులోకి పోయే చెయ్యి

(మే 31, పొగాకు వ్యతిరేక దినం నాడు పాలమూరు ప్రాంతంలోని ఒక బస్సు డిపోలో రిటైర్డ్ డ్రైవర్ చేసిన ప్రసంగం)

డిపో మేనేజర్ గారికి, డాక్టరు గారికి, యూనియన్ పెద్దలకు, నైట్ డ్యూటీ దిగి నిద్ర మానుకొని వచ్చిన డ్రైవర్లకు, కండక్టర్లకు, గ్యారేజీ తమ్ముళ్ళకు, తలుపు దగ్గర నిలబడ్డ క్యాంటీన్ అన్నకు నమస్కారం. ఎవరినైనా మరిచిపోతే మన్నించండి. మనుషుల్ని లెక్క తప్పకుండా చూసుకునే పని కండక్టర్లది, నేను డ్రైవర్‌ని.

నాకు పది నిమిషాలు ఇచ్చారు. సిగరెట్ వల్ల వచ్చే రోగాల గురించి చెప్పమన్నారు. ఆ బొమ్మలన్నీ డాక్టరు గారు ఇప్పుడే చూపించారు. అవి మనకు కొత్తవా? 2016 నుంచి ప్యాకెట్‌కు ముందూ వెనకా 85 శాతం బొమ్మా, హెచ్చరికా. మనం ఆ బొమ్మ మీద బొటనవేలు పెట్టి మూసి, ఒకటి బయటికి లాగుతాం. బస్టాండ్‌లో తాగితే 200 జరిమానా అని 2008లో బోర్డు పెట్టారు. నేను ఆ బోర్డు కిందే నిలబడి తాగేవాణ్ణి. నీడ అక్కడే ఉండేది మరి.

అందుకని రోగం సంగతి వదిలేస్తున్నాను. నా చెయ్యి సంగతి చెప్తాను. ఈ కుడి చెయ్యి. నేను సిగరెట్ మాని 12 ఏళ్ళు. ఇందాక డాక్టరు గారు మాట్లాడుతుంటే నాకు టీ ఇచ్చారు. మీరు చూశారో లేదో, గ్లాసు ఎడమ చేతిలోకి మారింది, కుడి చెయ్యి పోయి చొక్కా జేబు తడుముకుంది. అందులో ఉన్నవి కళ్ళద్దాలు. 12 ఏళ్ళుగా అందులో సిగరెట్ లేదు. ఆ సంగతి దానికి ఇంకా తెలియదు.

ఇది ఎవరూ చెప్పరు. మానేసినవాడు మైకు దొరికితే "ఒక్క రోజులో మానేశాను, మళ్ళీ ముట్టలేదు" అంటాడు. వినేవాడు నలభయ్యో రోజున తన చెయ్యి జేబులోకి పోవడం చూసుకొని, ఇది నా వల్ల కాదులే అని అంటించేస్తాడు.

ఈ చేతికి ఇది ఎప్పుడు అలవాటైందో చెప్పాలంటే కల్వకుర్తి దగ్గర మా ఊరికి పోవాలి. మా నాయన బీడీ తాగేవాడు. "బిడ్డా, గిది పొయ్యిల ముట్టించుకరా" అనేవాడు. నాకు అప్పుడు ఏడెనిమిదేళ్ళు. పొయ్యి ఇంట్లో, నాయన మంచం వాకిట్లో వేపచెట్టు కింద. తునికాకు సిగరెట్ కాగితం లాంటిది కాదు, గాలి ఆడనివ్వదు. గుంజకపోతే బీడీ ఆరిపోతుంది. ఆరితే మళ్ళీ పొయ్యి దగ్గరికి పోవాలి, నాయన కసురుతాడు. అందుకని దారిలో రెండు దమ్ములు లాగేవాణ్ణి. దొంగతనంగా కాదు, నాయన చెప్పిన పనే. మా అమ్మ చూసి నవ్వేది. నాయనను తప్పు పట్టడం లేదు, మా వాడలో పిల్లలందరి పనీ అదే. ఆఖరి నాలుగేళ్ళు ఆయన వెల్లకిలా పడుకోలేకపోయాడు. మంచంలో కూర్చొని, దిండు ఒళ్ళో పెట్టుకొని దాని మీదికి వాలి నిద్రపోయేవాడు. ఇది చెప్పాలని అనుకొని రాలేదు. సరే.

తర్వాత చేతికి స్టీరింగ్ వచ్చింది. శ్రీశైలం సర్వీసు చేసినవాళ్ళకు తెలుసు, అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను పోనివ్వరు. మన్ననూరు గేటు దగ్గర చలిలో ఆగితే గేటు తీసేలోపు మూడు సిగరెట్లు అయ్యేవి. దోమలపెంట దాటాక ఘాట్ దిగేముందు టెన్షన్‌కు ఒకటి, దిగినాక టెన్షన్ పోయినందుకు ఒకటి.

మానాలని ఎందుకనిపించిందంటే పెద్ద కారణం ఏమీ లేదు. మా చిన్నమ్మాయి నా యూనిఫాం ఒక్కటీ వేరే బకెట్లో నానబెట్టడం చూశాను. నేను అడగలేదు, తను చెప్పలేదు.

మెడికల్ షాపులో నికోటిన్ చూయింగ్ గమ్ కొన్నాను, 2 మిల్లీగ్రాములది. కాగితం చదవకుండా బబుల్ గమ్ నమిలినట్టు నమిలాను. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా ఎక్కిళ్ళే. ఒక పెద్దమ్మ ముందుకొచ్చి నీళ్ళ సీసా ఇచ్చింది. అది కొద్దిగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి. ఆ టైమ్‌లో టీ కూడా తాగొద్దు. పద్ధతిగా వాడితే బాగానే పనిచేసింది. మొదటి మూడు రోజులు ఇంట్లో ఎవరూ నా ముందుకు రాలేదు. నెల లోపల ఒళ్ళు సర్దుకుంది. యావ వచ్చినా ఐదారు నిమిషాలే, బండిని ప్లాట్‌ఫాం మీద పెట్టి తీసేంత సేపు. జేబులో వేయించిన పల్లీలు పోసుకున్నాను. పాలమూరులో పల్లీలకు ఏం కొదవ? ఆరు కిలోలు పెరిగాను.

అట్లా ఏడు నెలలు. ఇక పెళ్ళి సంగతి చెప్పాలి, టైమ్ అయిపోయినా సరే చెప్తాను.

జడ్చర్లలో చుట్టాల పెళ్ళి. ఫంక్షన్ హాల్ వెనక నీళ్ళ ట్యాంకర్ దగ్గర మా బామ్మర్ది, ఇంకో నలుగురు. "బావా, ఏడు నెలలు మానినోనివి, ఒక్కటి తాగితే ఏమైతది?" అన్నాడు. నాకు గర్వం పొంగింది. అవును కదా, ఏడు నెలలు మానినవాణ్ణి, ఒక్కటి నన్నేం చేస్తుంది? తాగాను. దగ్గు వచ్చింది, తల తిరిగింది, రుచి కూడా లేదు. రుచే లేదు కాబట్టి ఇక భయం లేదనుకున్నాను. మర్నాడు టీ దగ్గర ఒకర్ని అడుక్కొని ఒకటి. మూడో రోజు విడిగా రెండు కొన్నాను. ప్యాకెట్ కొనడం లేదు కాబట్టి మళ్ళీ మొదలుపెట్టినట్టు కాదని నా లెక్క. తొమ్మిదో రోజు ప్యాకెట్ కొన్నాను. ఇంటికి పోయేసరికి, ఎవరూ చెప్పకుండానే, బాత్రూంలో వేరే బకెట్ వచ్చి ఉంది.

మళ్ళీ మానడానికి ఏడాది పట్టింది. 12 ఏళ్ళు అంటున్నది అక్కడి నుంచి.

బామ్మర్ది మీద నాకు కోపం లేదు. కానీ ఈ హాల్లో ఉన్న అందరికీ ఒక దండం పెడుతున్నాను. మానినవాడికి ఇవ్వకండి అన్నా. "ఒక్కటే గదా" అనకండి. వాడు ఏడు నెలలు కట్టిన గోడ అది. ఇంకో మాట, సిగరెట్ మాని ఖైనీ పట్టిన తమ్ముళ్ళు ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను. అదేం మానడం? బండి మారింది, రూటు అదే.

ఇప్పటికీ కలలో తాగుతాను. మన్ననూరు గేటు, చలి, చేతిలో అగ్గిపెట్టె. ఉలిక్కిపడి లేచి, వాసన వస్తోందా అని మా ఇంటామెను అడిగాను ఒకసారి. "పండుకో జర" అంది.

చెయ్యి జేబులోకి పోతే పోనివ్వండి. దాన్ని తిట్టకండి, అందులో సిగరెట్ మాత్రం ఉంచకండి. నేను సోంపు పొట్లం ఉంచాను. రోజూ నిలబడే టీ కొట్టు మార్చాను. మూడు నెలలు టీ బదులు మజ్జిగ తాగాను, నవ్వినవాళ్ళు నవ్వారు. ఒంటరిగా మానడం వల్ల కాకపోతే, సాయం చేసేవాళ్ళ నంబర్ ప్యాకెట్ మీద ఉంది చూడండి, 1800 11 2356. పైసలు పడవు. ఆ బొటనవేలు కాస్త పక్కకు జరిపితే కనిపిస్తుంది.

మేనేజర్ గారు గడియారం చూస్తున్నారు. బయట టీ పెట్టారట. కిటికీ పక్కన కూర్చున్న తమ్ముడూ, నేను మొదలుపెట్టినప్పటి నుంచి నీ చెయ్యి జేబు మీదే ఉంది. పాన్ డబ్బా వైపు పోకు. నాకూ ఒక గ్లాసు పట్టుకొని ఇటు రా. రెండు చేతుల్లో రెండు గ్లాసులుంటే, వచ్చేదాకా నీ జేబు జోలికి ఏ చెయ్యీ పోదు.