కొత్త ఐరన్లు కొనేముందు మీ చెత్త షాట్లు చూసుకోండి

నమస్తే అండీ. గోల్ఫ్ ఐరన్లు, అంటే అంకెలు వేసి ఉండే లోహపు క్లబ్బులు, వాటి ప్రకటన ఏది చూసినా ఒకటే మాట, మా సెవెన్ ఐరన్ కొడితే ఇంకో 10 గజాలు ఎక్కువ వెళ్తుంది అని. వెళ్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ 10 గజాలు ఎక్కడినుంచి వచ్చాయి, వాటితో మీ స్కోరు తగ్గుతుందా లేదా (గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత మంచిది కదా), అది ఎవరూ నిలబెట్టి చెప్పరు. స్కోరు 90 దాటేవాళ్ళు, 100 దాటేవాళ్ళు, వారానికోసారి ఆడేవాళ్ళు, ఈ వీడియో మీకోసమే. చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను: ఐరన్ కొనేటప్పుడు మీ బెస్ట్ షాట్ ఎంత దూరం వెళ్ళిందో కాదు, మీ చెత్త షాట్ ఎంత దగ్గర పడిపోయిందో చూడండి.

[తెర మీద: సెవెన్ ఐరన్ ఫేస్ దగ్గరగా, తెల్లటి పౌడర్ మీద బంతి అచ్చులు]

ఈ ఫేస్, అంటే క్లబ్‌లో బంతికి తగిలే భాగం, చూడండి. కాళ్ళకి వాడే పౌడర్ స్ప్రే పల్చగా కొట్టి బంతులు ఆడితే అచ్చులు ఇలా పడతాయి. బాగా ఆడేవాళ్ళవి అన్నీ కలిసి బొటనవేలి గోరంత చోటులో ఉంటాయి. మనలాంటివాళ్ళవి ఫేస్ అంతా చెల్లాచెదురు, ఎక్కువభాగం టో వైపు, అంటే షాఫ్ట్ కర్రకి దూరంగా ఉన్న కొన వైపు, ఇంకొన్ని బాగా కింద, ఫేస్ మీది చివరి గీత దగ్గర. మీరు ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్ళినప్పుడు ఒక్కసారి ఈ పని చేయండి, ఎందుకంటే మీ అచ్చులు ఎక్కడ పడుతున్నాయో తెలియకుండా ఏ ఐరన్ కొనాలో ఎవరు చెప్పినా అది గాల్లో మాటే.

టో దగ్గర తగిలితే ఏమవుతుంది? క్లబ్ హెడ్ షాఫ్ట్ చుట్టూ మెలిక తిరుగుతుంది, ఫేస్ తెరుచుకుంటుంది, కుడిచేతి ఆటగాడికి బంతి కుడివైపు మొదలై, బలం కూడా పోయి, గ్రీన్‌కి, అంటే హోల్ ఉండే పొట్టి గడ్డి చోటుకి, ముందే పడిపోతుంది. చేతులు జివ్వుమంటాయి, అది వేరే సంగతి. మెలిక ఎంత తక్కువ తిరిగితే అంత మంచిది, ఫర్‌గివింగ్ ఐరన్, అంటే తప్పుగా తగిలినా క్షమించే ఐరన్, దాని అసలు రహస్యం అంతా ఇదే. పాతకాలపు ఐరన్, అదే బ్లేడ్‌లో బరువంతా ఫేస్ నడుమ, వెనక ముద్దగా ఉంటుంది. కేవిటీ బ్యాక్ అనే రకంలో వెనక తొలిచేసి ఆ లోహాన్ని అంచులకి, టోకీ, షాఫ్ట్ పక్కనుండే హీల్‌కీ పంపిస్తారు. కావడి భుజాన వేసుకున్న మనిషి చటుక్కున పక్కకి తిరగలేడు కదా, బరువు రెండు చివర్లా ఉంది కాబట్టి. ఇక్కడా అదే సూత్రం.

దీన్ని జనంలోకి తెచ్చినవాడు కార్‌స్టెన్ సోల్‌హైమ్. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరు, పుట్టింగ్ సరిగ్గా పడక తనే ఒక పుటర్, అదే బంతిని హోల్‌లోకి దొర్లించే క్లబ్, తయారుచేసుకున్నాడు, 1959లో, బరువుని రెండు చివర్లకీ తోసి. అదే పింగ్ కంపెనీకి మొదలు. తర్వాత అదే ఆలోచన ఐరన్లకి పట్టించాడు, 1982లో వచ్చిన పింగ్ ఐ2 ఐరన్లు ప్రొఫెషనల్ టూర్ ఆటగాళ్ళ దగ్గరా మామూలు ఆటగాళ్ళ దగ్గరా ఏళ్ళ తరబడి నిలిచాయి. సంస్థ ఏదైనా సరే, ఇవాళ మీరు చూసే గేమ్ ఇంప్రూవ్‌మెంట్ ఐరన్, అంటే మామూలు ఆటగాళ్ళ కోసం చేసింది, ప్రతిదాంట్లోనూ ఆ ఆలోచన ఉంది.

అంచుల బరువు కాకుండా ఇంకో రెండు మూడు సంగతులు ఫేస్ వైపు నుంచి కాదు, కింద నుంచి చూస్తే తెలుస్తాయి.

[తెర మీద: రెండు ఐరన్లు తిరగేసి, సోల్ పక్కపక్కన]

ముందు సోల్, అంటే క్లబ్ అడుగుభాగం, దాని వెడల్పు. బంతికి ముందే నేల తగిలే అలవాటు, అదే ఫ్యాట్ షాట్లు, ఎక్కువ ఉన్నవాళ్ళకి వెడల్పు సోల్ నిజంగా కాపాడుతుంది, క్లబ్ గడ్డిలోకి దిగబడిపోకుండా జారుతుంది. పైగా బరువు కిందికి దిగుతుంది కాబట్టి బంతి తేలిగ్గా పైకి లేస్తుంది. అయితే నేల గట్టిగా, గడ్డి పల్చగా ఉన్నచోట అదే సోల్ ఎగిరి బంతి నడుముకి తగిలే ప్రమాదం ఉంది, బంతి కింద క్లబ్‌ని నీట్‌గా దింపేవాళ్ళకి మరీ వెడల్పు అక్కర్లేదు. ఆఫ్‌సెట్ అంటే ఫేస్ ముందు అంచు షాఫ్ట్ కన్నా కాస్త వెనక్కి ఉండడం. స్లైస్, అంటే కుడికి వంకర తిరిగే షాట్, కొట్టేవాళ్ళకి ఫేస్ మూసుకోడానికి రవ్వంత టైమ్ దొరుకుతుంది. ఇప్పటికే బంతి ఎడమకి లాగేస్తున్నవాళ్ళు ఆఫ్‌సెట్ ఎక్కువున్నది తీసుకుంటే అగ్నికి ఆజ్యం పోసినట్టే. ఇలాంటి ఐరన్లలో టాప్‌లైన్, అంటే ఫేస్ పై అంచు, మందంగా కనిపిస్తుంది, కొందరికి అది చూడగానే నచ్చదు. నచ్చకపోయినా నాలుగు రోజుల్లో కళ్ళు అలవాటు పడతాయి, దాని గురించి టెన్షన్ పడకండి.

సరే, ఇప్పుడు దూరం. ఇక్కడే ఎక్కువమంది పడిపోతారు, కాబట్టి కాస్త ఓపికగా వినండి.

క్లబ్ మీద 7 అని రాసి ఉంటుంది. ఆ 7 అనే అంకెకి ఏ నియమమూ లేదు. ఫేస్ వెనక్కి వాలిన కోణాన్ని లాఫ్ట్ అంటారు, అంకె తగ్గేకొద్దీ అదీ తగ్గి దూరం పెరుగుతుంది. బ్లేడ్ సెట్లలో సెవెన్ ఐరన్ లాఫ్ట్ ఇప్పటికీ 34 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. దూరం కోసం చేసిన ఐరన్లలో అదే సెవెన్ 28, కొన్నిట్లో 27 కూడా. 6, 7 డిగ్రీల తేడా అంటే దాదాపు ఒకటిన్నర క్లబ్ తేడా. అంటే మీరు కొత్త సెవెన్‌తో కొడుతున్నది పాత సిక్స్, ఇంకా కాస్త ఫైవ్ వైపు. షాఫ్ట్ కూడా చాలాసార్లు ఒక పావు అంగుళమో అర అంగుళమో పొడుగు. రాసిన అంకె మారింది, అంతే.

దీన్ని మోసం అనేయడం కూడా న్యాయం కాదు. బరువు బాగా కిందికి, వెనక్కి పోయినప్పుడు బంతి ఎత్తుగా లేస్తుంది, పాత లాఫ్టే ఉంచితే గాల్లోకి పోయి ముందుకి రాదు, అందుకే లాఫ్ట్ తగ్గిస్తారు. వేగంగా స్వింగ్ చేసేవాడికి ఇది బాగా కుదురుతుంది. తిప్పలు నెమ్మది స్వింగ్ వాళ్ళకే. లాఫ్ట్ తక్కువ, వేగం తక్కువ, స్పిన్ తక్కువ, మూడూ కలిస్తే బంతి చదునుగా వెళ్ళి గ్రీన్ మీద పడి, ఆగకుండా అవతలికి దొర్లిపోతుంది. పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్ సెవెన్ ఐరన్ సగటు చూస్తే నిమిషానికి 7000 చుట్ల దరిదాపుల్లో స్పిన్, బంతి దిగే కోణం 50 డిగ్రీల దగ్గర. మనకి అంత రాదు, అవసరమూ లేదు. కానీ దిగే కోణం 40కి బాగా కిందికి పోతుంటే మాత్రం మీరు కొన్న దూరం గ్రీన్ అవతలి ఇసుక గుంటకి, అదే బంకర్‌కి, పనికొస్తుంది.

ఇంకోటి, సెట్ పైన కింద ఏమవుతుందో కూడా లెక్క వేసుకోవాలి. లాఫ్ట్ తగ్గిన సెట్‌లో ఫోర్ ఐరన్ 19, 20 డిగ్రీలకి వస్తుంది, అది పాతరోజుల టూ, త్రీ ఐరన్‌తో సమానం, అప్పట్లో మంచి ఆటగాళ్ళే దాన్ని చూసి భయపడేవాళ్ళు. ఆ చోటులో హైబ్రిడ్, అంటే ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకం క్లబ్, పెట్టుకోండి, ఆలోచించక్కర్లేదు. కిందవైపు, దగ్గర షాట్లకి వాడే పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు అయిపోతుంది. బంకర్ నుంచి కొట్టడానికి మీ దగ్గర ఉన్న శాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. 90 గజాల నుంచి సగం స్వింగుతో కొట్టాల్సిన పరిస్థితి వస్తుంది, మామూలు ఆటగాడికి అంతకన్నా కష్టమైన షాట్ లేదు. కాబట్టి 48, 49 దగ్గర ఒక గ్యాప్ వెడ్జ్ ఉండి తీరాలి, బ్యాగులో 14 క్లబ్బుల హద్దు ఉంది కదా, ముందే లెక్క చూసుకోండి.

ఫేస్ పల్చగా, లోపల డొల్లగా ఉండే హాలో బాడీ ఐరన్లు ఇప్పుడు ఎక్కువ. డొల్లలో ఫోమ్ లాంటిది నింపి చప్పుడు, అదురు తగ్గిస్తారు, టంగ్‌స్టన్ ముక్క కింద పెట్టి బరువు దించుతారు. కింద గీత దగ్గర తగిలిన బంతి కూడా వేగం నిలుపుకోవాలని కొన్నిట్లో సోల్‌లోనే సన్నటి సందు కోస్తారు, టేలర్‌మేడ్ వాళ్ళు స్పీడ్ పాకెట్ అనేది అదే. అచ్చులు కిందగా పడేవాళ్ళకి ఇది మంచి మందు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: పల్చటి ఫేస్ కొన్నింట్లో అప్పుడప్పుడూ ఒక షాట్ ఉన్నట్టుండి 10 గజాలు ఎక్కువ పోతుంది. చూడ్డానికి సంబరంగా ఉంటుంది, గ్రీన్ వెనక నీళ్ళుంటే తెలుస్తుంది సంగతి.

[తెర మీద: లాంచ్ మానిటర్ తెర, క్యారీ వరుస]

మరి ఎలా చూసి కొనాలి? లాంచ్ మానిటర్, అంటే షాట్‌ని కొలిచే యంత్రం, దాని దగ్గరికి మీ పాత సిక్స్, సెవెన్ తీసుకెళ్ళండి, అవి లేకుండా పోల్చడం కుదరదు. వీలైతే అంకె చూసి కాదు, లాఫ్ట్ చూసి జత కలపండి, పాత సిక్స్‌కి ఎదురుగా కొత్త సెవెన్. మొత్తం దూరం కాదు, క్యారీ, అంటే బంతి గాల్లో వెళ్ళిన దూరం, చూడండి. 10 బంతులు కొట్టాక పక్కనున్నవాళ్ళు 'ఇది మీరు మిస్‌హిట్ అయ్యారు, తీసేద్దాం' అంటారు. తీయనివ్వకండి. ఆ షాటే మనకి కావాలి. ఒక ఐరన్ మంచి షాట్ 155, చెత్త షాట్ 128. ఇంకోటి మంచి షాట్ 148, చెత్త షాట్ 139. ముందు బంకర్ దాటడానికి 135 కావాలనుకోండి. నేనైతే రెండోదే తీసుకుంటాను, రెండో ఆలోచన లేకుండా.

షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే రెగ్యులర్, స్టిఫ్ అనే పేర్లకి సంస్థలన్నిటికీ కలిపి ఒక కొలత లేదు, ఒకరి స్టిఫ్ ఇంకొకరి రెగ్యులర్ కావచ్చు. ముందు బరువు చూడండి. స్టీల్ 90 నుంచి 130 గ్రాముల దాకా, గ్రాఫైట్ అంతకన్నా బాగా తేలిక. మోచేయి నొప్పి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు గ్రాఫైట్‌కి మారడానికి మొహమాటపడొద్దు. పద్దెనిమిదో హోల్ దగ్గర కూడా మొదటి హోల్‌లా తిప్పగలిగే బరువే మీ బరువు.

చివరగా లై యాంగిల్, అంటే క్లబ్ నేలకి ఆనించినప్పుడు షాఫ్ట్‌కీ నేలకీ మధ్య కోణం, దీన్ని మీరే చూసుకోవచ్చు. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేస్ మీద ఆ గీత అచ్చు పడుతుంది. నిటారుగా పడితే మీకు సరిపోయింది. ఒక పక్కకి ఒరిగితే లై మార్పించుకోవాలి, లేకపోతే స్వింగ్ బాగున్నా బంతి ఎడమకో కుడికో పోతూనే ఉంటుంది, మీరు లేని తప్పుని స్వింగులో వెతుకుతూ ఉంటారు. వాడిన సెట్ కొంటున్నా ఇదే పరీక్ష. నాలుగైదేళ్ళ కిందటి మోడల్ అయినా పర్వాలేదు, ఐరన్ల టెక్నాలజీ అంత తొందరగా పాతబడదు. ఫేస్ మీది గీతలు అరిగాయేమో వేలితో తడిమి చూడండి, ముఖ్యంగా నైన్ ఐరన్, పిచింగ్ వెడ్జ్, ఎక్కువ అరిగేవి అవే. గ్రిప్పులు మార్పించుకోవచ్చు, లాఫ్ట్ మాత్రం కొనేముందే ఆ మోడల్ పట్టికలో చూసుకోండి.