మాఫీ అయిన రోజుల్లో ఏం పోయింది?

అందరికీ నమస్కారం. వరదలాంటి విపత్తుకు బడి మూతపడితే, ఏడాదికి ఇన్ని పని దినాలు ఉండాలన్న నిబంధనలోంచి ఆ రోజుల్ని మాఫీ చేయాలా అన్నదే ఇవాళ్టి మాట.

నేను టీచరుగా పనిచేసిన రోజుల్లో ఒకసారి వరదకు బడి మూతపడింది. ఆ నెల హాజరు పట్టీలో పదకొండు గళ్ళకు అడ్డంగా ఒకే మాట రాశాను: వరద సెలవు. బడి తెరిచిన రోజు ఒక పాప లెక్కల నోట్సు తీసింది. తడిసి ఆరిన కాగితాలు ఉబ్బిపోయి ఉన్నాయి. భిన్నాల కూడిక సగంలో ఆగింది. గీత కింద హారం ఉంది, పైన ఏమీ లేదు. ఆ పదకొండు రోజుల్నీ పైవాళ్ళు పని దినాల లెక్కలోంచి తీసేశారు. ఆ పాప లెక్క మాత్రం అక్కడే ఉండిపోయింది.

పొరపాటు పడకండి, రోజులు మాఫీ చేయాలనే నేనూ అంటాను. భారత విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి 1 నుంచి 5 తరగతులకు 200 పని దినాలు, 6 నుంచి 8 తరగతులకు 220 పని దినాలు ఉండాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 180 రోజులు. మామూలు ఏడాదిలో ఈ అంకె పిల్లలకు రక్షణ. బడిలోకి నీళ్ళు వచ్చిన ఏడాది అదే అంకె పట్టుకుని కూర్చుంటే ఆదివారాలు పోతాయి, సెలవులు పోతాయి. ఇల్లు కడుక్కుంటున్న కుటుంబం మీద మరో టెన్షన్ పడుతుంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. రోజులు తగ్గుతాయేమోనని హెడ్మాస్టరు సెలవు ఇవ్వడానికి వెనకాడతారు. ప్రమాదం ఉన్న రోజున కూడా గేటు తెరుస్తారు.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో మంచు సెలవుల మీద జాషువా గుడ్‌మన్ అనే ఆర్థికవేత్త ఒక అధ్యయనం చేశారు. మంచుకు బడి మొత్తం మూసేస్తే పిల్లల మార్కులు పెద్దగా తగ్గలేదు. బడి తెరిచి ఉండి కొందరే రాలేకపోయినప్పుడు నష్టం కనిపించింది. టీచర్లకు ఇది అనుభవమే. అందరూ ఒకేచోట ఆగితే అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. తలా ఒకచోట ఆగితే ఎవరి కోసమని వెనక్కి వెళ్తాం?

కానీ అది ఒకటి రెండు రోజుల మాట. పాకిస్తాన్‌లో 2005 భూకంపం తర్వాత దెబ్బతిన్న ప్రాంతాల్లో బళ్ళు సగటున 14 వారాలు మూతపడ్డాయి. నాలుగేళ్ళ తర్వాత పరిశోధకులు వెళ్ళి పరీక్షిస్తే, భూకంపానికి దగ్గరగా ఉన్న పిల్లలు దాదాపు ఏడాదిన్నర చదువు వెనకబడి ఉన్నారు. మూతపడింది 14 వారాలే! బడి తెరిచాక ఏదీ ఆగనట్టే పాఠాలు ముందుకు సాగితే, అర్థంకాని పిల్లలు రోజురోజుకీ ఇంకా దూరమవుతారు. తల్లి కనీసం ప్రాథమిక విద్య పూర్తి చేసిన ఇళ్ళలో పిల్లలకు ఆ దెబ్బ తగలలేదట. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో చెప్పేవాళ్ళు లేని పిల్లలకు బడి తప్ప ఏముంది?

అందుకే మాఫీ ఉత్తర్వులో ఒక్క అంకె కొట్టేసి ఊరుకోకూడదు. 2020 మార్చిలో అమెరికాలోని పెన్సిల్వేనియా 180 రోజుల నిబంధన ఎత్తేసినప్పుడు, అదే చట్టంలో బడి ఉద్యోగుల జీతాలు తగ్గకూడదనీ రాసింది, చదువు కొనసాగించే ప్రయత్నం చేయాలనీ రాసింది. మన దగ్గర జీతాల కోత ముందుగా తగిలేది వంట చేసేవాళ్ళకు, ఆయాలకు, రోజు కూలీకి పనిచేసేవాళ్ళకు. వాళ్ళ పేరు ఉత్తర్వులో కనబడాలి. భోజనం సంగతీ అంతే. బడిలో అన్నం పెట్టలేని రోజుకు ధాన్యం, డబ్బు రూపంలో భత్యం ఇవ్వాలని 2015 నాటి మధ్యాహ్న భోజన నియమాల్లోనే ఉంది. రోజు మాఫీ అయినా ఆకలి మాఫీ కాదు కదా.

ఇక పాఠం. బడి తెరిచిన మొదటి వారం కొత్త చాప్టర్ మొదలుపెట్టొద్దని ఉత్తర్వులోనే రాయండి. ఎవరు ఎక్కడ ఆగారో చూసుకునే సమయం టీచరుకు ఇవ్వండి. ఆ మేరకు ఏడాది చివర సిలబస్ తగ్గించండి. మా తరగతిలో ఆ పాపతో పాటు అందరం భిన్నాల మొదటి పేజీకి వెళ్ళాం. మళ్ళీ పూర్తి చేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ సిలబస్ ఎంతవరకు వచ్చిందని పైనుంచి అడుగుతూనే ఉన్నారు.