బ్లాంకులో బ్యాండొచ్చింది సార్

అందరికీ నమస్కారమండి. భీమవరం వచ్చి రొయ్య ఊసెత్తకుండా ఎలా కుదురుద్ది, అక్కణ్ణుంచే మొదలెడతా.

కొన్నేళ్ళు ఓ రొయ్యల ల్యాబ్‌లో రీసెర్చ్ టీంలో చేశా, పేరొద్దులెండి. ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బుకి చేసే పీసీఆర్ టెస్టుని, అంటే డీఎన్ఏని బట్టి రోగక్రిమిని పట్టే టెస్టుని, తక్కువ ఖర్చులో చెరువుగట్టు మీదే చేసేలా మార్చాలని మా తాపత్రయం. ఓ రోజు మా జూనియర్ కుర్రాడికి బ్లాంకులో బ్యాండొచ్చింది, అంటే శాంపిల్ వెయ్యకుండా ఉత్త నీళ్ళేసిన ట్యూబు కూడా పాజిటివ్ చూపించింది, ఎక్కడో కంటామినేషన్ ఉందన్నమాట. వాడు చెప్పలేదండి. ముందు వారమే మా సారు ఒకమ్మాయిని చిన్న తప్పుకి అందరి ముందూ చెడామడా తిట్టాడు, అది చూశాడు కదా మరి. మూడు వారాల పని గోదాట్లో కలిసింది.

సారు తెలివైనోడే, మేమూ మొద్దులం కాదు. గదిలో వాతావరణమే బాలేదు.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే అమెరికా రీసెర్చరావిడ 1990ల్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లు లెక్కేసింది. మంచి టీముల్లో తప్పులు తక్కువుంటాయనుకుంటాం కదా, తీరా చూస్తే వాటిలోనే ఎక్కువ కనపడ్డాయి. ఎక్కువ చేసి కాదండి, దాచకుండా చెప్పుకోబట్టి.

మైకేల్ వెస్ట్ అనే సైకాలజిస్టు 1990లోనే నాలుగు సంగతులు చెప్పాడు: ఎటెళ్తున్నామో అందరికీ తెలియాలి, భయం లేకుండా నోరు విప్పగలగాలి, పని నాణ్యత మీద పట్టుండాలి, కొత్త ఐడియాకి నిజంగా టైమూ డబ్బూ ఇవ్వాలి. తర్వాత 1998లో నీల్ యాండర్సన్‌తో కలిసి దీన్ని కొలవడానికి 38 ప్రశ్నలు అచ్చేశారు. నాకు మూడోది ముఖ్యం, ఎందుకంటే మనోళ్ళు మంచి వాతావరణం అంటే పూతరేకులు పంచుకుని నవ్వుకోవడం అనుకుంటారు, కాదండీ బాబూ, "మీ కంట్రోల్ ఏదండీ" అని, అంటే పోల్చి చూడ్డానికి పెట్టిన ట్యూబేదని, సీనియర్‌ని కూడా అడగ్గలగాలి.

తర్వాత నేనే ఓ చిన్న టీం చూడాల్సొచ్చినప్పుడు సోమవారం మీటింగులో ముందు నా తప్పే చెప్పా, టెస్టు మొదలవ్వడానికి కావాల్సిన ప్రైమర్ అనే డీఎన్ఏ ముక్క వెయ్యడం మర్చిపోయి సాయంత్రం దాకా ఖాళీ జెల్ చూస్తూ కూర్చున్నానని. అందరూ పకపకా నవ్వారు. గ్లాసులు కడిగే మా అటెండర్, వాళ్ళకి కాళ్ళ అనే ఊరి దగ్గర రొయ్యల చెరువుంది, గుమ్మం దగ్గర నుంచుని అన్నాడు: "ఆయ్, ఆ టెస్టు మెషీను గట్టు మీద పనిచెయ్యదండి, చెరువులో గాలి కలిపే ఏరియేటర్లు ఆన్ చేసినప్పుడల్లా ఓల్టేజీ పడిపోద్ది." గట్టు మీద టెస్టు సరిగ్గా రావట్లేదని మేం అప్పటిదాకా కెమికల్స్‌నే అనుమానిస్తున్నాం!

ముందే ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీటింగుకి నన్నెప్పుడు పిలిచారండీ" అన్నాడు.