ఎర్ర కణంలో సెన్సర్: 9 పీపీటీ లెక్క

[దృశ్యం: రొయ్యల గుంట గట్టు, తెల్లవారుజాము. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటాయి.]

మాది నెల్లూరు జిల్లా, విడవలూరు వైపు. మా బాబాయి రెండు పూటలా గుంట నీళ్లు పరీక్ష చేస్తాడు. పీహెచ్ ఎంత, ఆక్సిజన్ ఎంత, ఉప్పు ఎన్ని పీపీటీ (అంటే వెయ్యి పాళ్లలో ఎన్ని పాళ్లు), అన్నీ పుస్తకంలో రాస్తాడు. అదే బాబాయికి షుగర్ ఉంది. రక్తం పరీక్ష మాత్రం మూడు నెలలకోసారి, అదీ పిన్ని పోరు పెడితేనే!

చేతికి అంటించుకునే షుగర్ ప్యాచీలు వచ్చాయిగా అంటారేమో. వచ్చాయి. కానీ అవి చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే నీటిని. రక్తంలో మార్పు అక్కడ కనపడేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. చాలా రకాలు రెండు వారాలకే మార్చాలి కూడా.

[యానిమేషన్: రక్తనాళంలో దొర్లుతూ పోయే ఎర్ర కణాలు.]

మరి కొంచెం రక్తం తీసి, సెన్సర్‌ని ఎర్ర కణంలోనే కూర్చోబెట్టి, తిరిగి ఎక్కిస్తే? అది ఎటూ రక్తంలోనే తిరుగుతుంది, దాదాపు 120 రోజులు బతుకుతుంది. వెడల్పు 7, 8 మైక్రాన్లు. లోపల కేంద్రకం లేదు, కాబట్టి చోటుంది. 2011లో అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు సెన్సర్‌గా వెలిగే రంగు ఒకటి ఎర్ర కణాల్లో నింపి, చుట్టూ ఉన్న ద్రవం పీహెచ్‌ని ఆ వెలుగుతో కొలవొచ్చేమో చూశారు.

లోపలికి ఎట్టా పంపారు? ఇది రొయ్యల రైతుకి చెప్తే చిటికెలో అర్థమవుద్ది.

[దృశ్యం: ప్లాస్టిక్ సంచిలోని రొయ్య పిల్లలోకి గుంట నీళ్లు కొద్దికొద్దిగా పోస్తున్న చేతులు.]

సముద్రం 35 పీపీటీ. సెలైన్ సీసా మీద 0.9 శాతం అని ఉంటుందే, అది మన లెక్కలో 9 పీపీటీ. ఎర్ర కణానికి సరిపడే ఉప్పు అదే. హేచరీ నుంచి తెచ్చిన రొయ్య పిల్లని ఉప్పు తక్కువున్న గుంటలో ఒక్కసారిగా వదిలితే ఏమవుద్దో మీకు తెలుసు. ఎర్ర కణమూ అంతే. ఉప్పు తగ్గేకొద్దీ నీళ్లు పీల్చుకుని బంతిలా ఉబ్బుతుంది. సుమారు 5 పీపీటీకి వచ్చేసరికి కణాలు తెగడం మొదలవుద్ది, పొరలో సందులు పడతాయి. ఆ సందుల్లోంచి రంగు లోపలికి పోతుంది, కొంత హిమోగ్లోబిన్ బయటికి కారిపోతుంది. వెంటనే ఉప్పు మళ్లీ కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచితే సందులు మూసుకుంటాయి. పిల్లని చంపే పొరపాటునే ఇక్కడ కొలత పెట్టి వాడుకుంటున్నారు.

ఇట్టా అన్నిటినీ కొలవలేం. గ్లూకోజ్‌కి కణం పొరలో సొంత దారి ఉంది, ఇన్సులిన్‌తో పనిలేకుండా లోపలికొస్తుంది. పీహెచ్ కూడా బయట మారితే లోపల మారుతుంది. సోడియం మాత్రం లాభం లేదు. కణం దాన్ని పంపు పెట్టి బయటికి తోడేస్తూనే ఉంటుంది, కాబట్టి లోపల కూర్చున్న సెన్సర్‌కి రక్తంలో సోడియం సంగతి తెలియదు.

నా మటుకు నాకు, అసలు తంటా ఆ వెలుగుని చదవడంలో ఉంది. నీలం, ఆకుపచ్చ కాంతిని హిమోగ్లోబిన్ మింగేస్తుంది. చర్మం దాటి రావాలంటే ఎరుపుకి అవతల, కంటికి కనపడని కాంతిలో వెలిగే రంగులు కావాలి. ఎర్ర కణాల్లో మందు నింపి మనుషుల మీద ప్రయోగాలు జరిగాయి. సెన్సర్ల పని ఇంకా ల్యాబు దగ్గరే ఉంది.

[దృశ్యం: బాబాయి, గట్టు మీద కూర్చుని.]

అంతా విని బాబాయి ఒకటే అడిగాడు: "ఒరే, తీసిన రక్తంలో కణాలన్నీ ఒకే రోజు వేసిన పిల్ల కాదు గదా?"

కాదు. నిన్న పుట్టిందీ ఉంటుంది, రేపు పోయేదీ ఉంటుంది. అందుకే ఎక్కించిన రోజు నుంచే వెలుగు తగ్గుతూ వస్తుంది. తగ్గింది షుగరా, కణాలా? అది తేల్చడానికే ఒక్క వెలుగుని నమ్ముకోకుండా రెండు రంగుల నిష్పత్తి చూస్తారు. కణాలు తగ్గితే రెండూ కలిసి తగ్గుతాయి, నిష్పత్తి కదలదు. షుగర్ మారితేనే అది కదులుతుంది.

"అట్టయితే సరే" అని లేచి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగాడు.