గొడ్డలి పట్టిన చేయి ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

పగ తీర్చుకునే ఆడమనిషి కథ తెలుగు సినిమాకు కొత్తేమీ కాదు. 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’ చాలామందికి గుర్తుండే ఉంటుంది. క్లాసులో బోర్డు మీద ఆకతాయిలు గీసిన బొమ్మ చూసి కుమిలిపోయిన లెక్చరర్, చివరికి నిండు సభలో, అందరూ చూస్తుండగానే రౌడీ నాయకుణ్ని గొడ్డలితో నరుకుతుంది. 1990లో ‘కర్తవ్యం’ వచ్చింది. అందులో పోలీసు అధికారి పాత్రకు విజయశాంతి జాతీయ ఉత్తమ నటి అవార్డు అందుకున్నారు. తర్వాత 1997లో ‘ఒసేయ్ రాములమ్మ’. దాని సంగతి మన వరంగల్ వైపు వేరే చెప్పక్కర్లేదు.

మొదటి రెండు సినిమాల్లో హీరోయిన్లు చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు. రాములమ్మ అట్లా కాదు. దొర గడీ నీడలో బతికిన పేదింటి పిల్ల. తెర మీద తెలంగాణ యాస వినబడితే మాట్లాడేది రౌడీయో కమెడియనో అనుకునే రోజుల్లో, ఈ నేల మీది కష్టజీవి కథకు నడుమ నిలబడింది. ఎందరు ఆడవాళ్లు సినిమా తీశారన్నది ఒక లెక్క. ఎటువంటి ఆడవాళ్ల మీద తీశారన్నది ఇంకో లెక్క. ఈ రెండోదాన్ని మనం పెద్దగా పట్టించుకోం.

ఇంకో సంగతి చూడండి. హీరోకు కోపం దేనికైనా రావచ్చు. భూమి కోసం, నీళ్ల కోసం, ఊరి కోసం, ఒక్కోసారి ఉత్త పంతం కోసం. హీరోయిన్ కత్తి పట్టాలంటే మాత్రం ముందు ఆమె మీద అఘాయిత్యమన్నా జరగాలి, లేదంటే మొగుడో బిడ్డో చనిపోవాలి. ఆ ఘోరాన్ని అరగంట సేపు చూపించి, ఆ తర్వాత గానీ ఆమెకు కోపం తెచ్చుకునే అనుమతి ఇవ్వరు. ఈ పద్ధతి నాకు సుతరామూ నచ్చదు.

మన దగ్గరి కథలు అట్లా లేవు. పాలకుర్తి చాకలి ఐలమ్మకు విసునూరు దేశ్‌ముఖ్‌తో గొడవ పంట దగ్గర వచ్చింది. చెమటోడ్చి పండించిన ధాన్యం ఎత్తుకపోతామంటే ఆమె ఊరుకోలేదు. మేడారం కథలో సమ్మక్క కాకతీయుల సేన మీదికి పోయింది కప్పం గొడవలో. కరువులో కట్టలేమంటే యుద్ధానికి వచ్చారని కదా మన పెద్దలు చెప్పేది. తిండిగింజల కోసం, బతుకు కోసం వచ్చిన కోపాలివి. పైగా ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా కొట్లాడలేదు. ఐలమ్మ వెనక ఆంధ్ర మహాసభ సంఘం ఉంది. సమ్మక్క పక్కన బిడ్డ సారలమ్మ ఉంది, కోయ గూడేలన్నీ ఉన్నాయి.

మన సినిమా హీరోయిన్‌కు ఆ తోడు ఉండదు. ఆమె చుట్టూ ముప్పై మంది మగవాళ్లు గాల్లో ఎగిరిపడుతుంటారు. మాటవరసకు కూడా ఒక స్నేహితురాలు, ఒక వదిన, పక్కింటి ముసలమ్మ ఆ గొడవలోకి రారు. కోయ పిల్లో లంబాడా పిల్లో కనబడిందంటే ఎక్కువసార్లు అది పాటలో చిందెయ్యడానికే.

ఇక ఫైటు. హీరోయిన్ వెనక్కి తిరిగి గోడ దూకే షాట్ వస్తుంది చూశారా? ఈసారి ఆ భుజాలు గమనించండి. చాలాసార్లు అది విగ్గు పెట్టుకున్న మగ డూప్. దెబ్బలు తగిలే పని కదా, ఆడవాళ్లెందుకు అంటారు. పొలంలో, ఇటుక బట్టీలో, బిల్డింగు పనిలో దెబ్బలు తగిలేటప్పుడు ఆ మాట అన్నవాళ్లను నేనైతే చూడలేదు. రోప్ కట్టుకోవడం నేర్పిస్తే చేసేవాళ్లు లేకనా? నిజామాబాద్ నుంచి వెళ్లి బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయిన నిఖత్ జరీన్ మనమ్మాయే కదా.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ ఊరి దీప్తి జీవాంజి ఉంది. కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. మొహం చూసి నలుగురూ వెక్కిరించిన పిల్ల. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. వెక్కిరించినోళ్లకు ఇంతకన్నా గట్టి జవాబు ఏ క్లైమాక్స్‌లో ఉంటుంది? రేపు ఎవరైనా ఆమె కథ సినిమాగా తీస్తే ముంబయి నుంచి తెల్లటి అమ్మాయిని తెచ్చి, మొహానికి నల్లరంగు పూసి, యాస రాదు కాబట్టి ఇంకొకరితో డబ్బింగ్ చెప్పిస్తారేమోనని నా టెన్షన్.

సెలవు.