ఒక్క సైజే కదా అనుకుంటే...

నమస్తే అండి. మొన్న ఆదివారం కావలిలో మా అక్కావాళ్ళ పచ్చళ్ళ యూనిట్‌కి వెళ్ళా. ప్యాకింగ్ బల్ల కింద నుంచి ఒక గోతం లాగి చూపించింది. నిండా లేబుళ్ళే! వెల్లుల్లి వెయ్యని మాగాయ, పావుకిలో, పాత ఎమ్మార్పీ, ఇట్టాంటివి చుట్టలు చుట్టలు. ప్రెస్సాయన వెయ్యికి తక్కువ వెయ్యడు, అమ్ముడుపోయింది 120 సీసాలు.

"ఏందక్కా ఇది?" అంటే, "అడిగినోళ్ళకి లేదని ఎట్టా చెప్పేదిరా" అంది.

లెక్క చూడండి. పచ్చళ్ళు ఎనిమిది. వెల్లుల్లితో, వెల్లుల్లి లేకుండా, పదహారు. పావు, అర, కిలో సీసాలు కలిపితే 48. ఇప్పుడు నెల్లూరు షాపాయన వంద గ్రాములది కూడా కావాలన్నాడంట. ఒక్క సైజే కదా అనుకుంది. కానీ ఇంకో 16 లేబుళ్ళు, 16 ధరలు, 16 రకాల స్టాకు వచ్చి పడతాయి. దానికి తోడు రొయ్యల పచ్చడి మొదలుపెట్టింది. మన దగ్గర బాగా పోతుంది, కాదనను, కానీ మిగతా పచ్చళ్ళ గిన్నెలు, గరిటెలు దానికి వాడలేం గదా, వేరే పొయ్యి, వేరే మనిషి. ఆ మనిషి రాని రోజు ఉండేది టెన్షనే.

పిల్లలు ఒకదానికొకటి తగిలించి బొమ్మలు కట్టుకునే ప్లాస్టిక్ ముక్కలు చేసే లెగో తెలుసు కదా, డెన్మార్క్ కంపెనీ. 2004 ప్రాంతంలో నష్టాల్లో మునిగినప్పుడు చూసుకుంటే ముక్కల రకాలే 12 వేలు దాటిపోయాయి. దాదాపు సగానికి కోసేశారు. పిల్లలకి బొమ్మలు కొత్తకొత్తవి వస్తూనే ఉన్నాయి, తగ్గింది లోపలి ముక్కలు.

అక్కకీ అదే చెప్పా. గోంగూర, చింతకాయ వెల్లుల్లి లేకుండానే జాడీల్లో పెట్టు, ఆర్డరు వచ్చాక తాలింపులో వెయ్యి. (ఆవకాయకి కుదరదులే, అందులో వెల్లుల్లి ఊరాల్సిందే.) లేబుల్ మీద బరువు, ధర ఖాళీగా వదిలెయ్, డేట్ కొట్టేటప్పుడే అవీ కొట్టు. పచ్చడికొక లేబుల్ చాలు, వెల్లుల్లి సీసాకి చిన్న స్టిక్కర్.

సరే అంది. షాపాయనకి మాత్రం ఇంకా ఫోన్ చెయ్యలేదు.